ఎన్నికల గొడవల్ని ఖండిస్తూ పంచాయతీ తీర్మానం చేయొచ్చా? చేస్తే ఏం ఒరుగుతుంది?

పొదిలి వైపు నుంచి ఒక వార్డు మెంబరు అడిగిన ప్రశ్న ఇది. ఎన్నికల ఫలితాలు వచ్చిన రాత్రి వాళ్ళ ఊళ్ళో ఓడిన పక్షం వాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. ఒకాయనకి చెయ్యి విరిగింది. వారం తిరక్కముందే ఇంకొకాయన బోరు మోటారు వైర్లు కోసేశారు. దీన్ని ఖండిస్తూ గ్రామ పంచాయతీ తీర్మానం చేయొచ్చా, చేస్తే ఉపయోగం ఉందా, "పంచాయతీకి రాజకీయాలెందుకు" అంటున్న సర్పంచ్‌కి ఏం చెప్పాలి అని అడిగారు.

నేను పంచాయతీ సెక్రటరీగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా పాత ప్రకాశం జిల్లాలోనే, కనిగిరి మెట్ట ఊళ్ళలో కొంతకాలం, కందుకూరు, సముద్రం వైపు మండలాల్లో కొంతకాలం. మినిట్స్ పుస్తకం రాసేది నేనే కాబట్టి ఇలాంటి తీర్మానాలు ఎలా పుడతాయో, ఎలా పాడవుతాయో దగ్గర నుంచి చూశాను.

చేయొచ్చు. చట్టంలో "హింసను ఖండించుట" అని ప్రత్యేకంగా ఒక అంశం ఉండదు, వెతక్కండి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వీధి దీపాలు, మురుగు కాలవలు, తాగునీరు చూడాల్సింది పంచాయతీ. ఆ వీధి దీపం కింద నడవడానికే జనం భయపడుతుంటే దాని గురించి పంచాయతీ మాట్లాడకూడదా? సర్పంచ్ గారి మాటకి జవాబు కూడా పెద్ద కష్టం కాదు. మన రాష్ట్రంలో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. సర్పంచ్, వార్డు మెంబర్ల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎవరు ఎవరి మనిషో ఊరంతటికీ తెలుసు, అది వేరే సంగతి. కాగితం మీద మాత్రం పంచాయతీ ఏ పార్టీదీ కాదు. అందుకే "ఓటు వేసినందుకు మనిషిని కొట్టడం తప్పు" అని చెప్పడానికి మండల పార్టీ నాయకుడి కన్నా పంచాయతీకే ఎక్కువ హక్కుంది. అది రాజకీయం చేయడం కాదని ఆయనకి చెప్పండి. ఆయన ప్రమాణ స్వీకారం రోజు రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని చదివారు కదా, ఇదీ దాని కిందకే వస్తుంది.

ఈ తీర్మానంతో ఏం కాదో కూడా తెలుసుకోవాలి. అది ఎఫ్ఐఆర్ కాదు. దాంతో ఎవరికీ జరిమానా వేయలేరు, ఎవర్నీ వెలి వేయలేరు, ఫలానావాడే చేశాడని తేల్చలేరు. తేల్చబోతే మొదటికే మోసం వస్తుంది. దీని గురించే కాస్త వివరంగా చెబుతాను.

కనిగిరి వైపు ఒక ఊళ్ళో నేనున్నప్పుడు సర్పంచ్ ఎన్నిక చాలా తక్కువ ఓట్ల తేడాతో తేలింది. లెక్కింపు అయిన కొద్ది రోజులకే, ఓడినాయన తరఫున ఏజెంటుగా కూర్చున్న రైతు గడ్డివామి తగలబడింది. ఫైరింజన్ వచ్చేసరికి బూడిదే మిగిలింది. మెట్ట ప్రాంతంలో ఎండాకాలం ముంగిట వామి పోవడమంటే ఏమిటో పశువులున్న వాళ్ళకి తెలుస్తుంది. పోలీసులు వచ్చారు, "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాసుకుని వెళ్ళారు. ఎవరు చేశారో ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నోరు విప్పినవాడు లేడు.

పంచాయతీ సమావేశం పెట్టాం. గెలిచిన సర్పంచ్ నా చేత రాయించబోయిన మొదటి మాట ఏమిటంటే, సానుభూతి కోసం వాళ్ళ వామి వాళ్ళే తగలబెట్టుకున్నారనే అనుమానం ఉందని. అవతలి పక్షం మెంబర్లు ఊరుకుంటారా? నలుగురు కుర్రాళ్ళ పేర్లు చెప్పి, "రాయండి సెక్రటరీ గారూ, ఊరందరికీ తెలిసిందే గదా" అని పట్టుబట్టారు. ఇద్దరికీ ఒకటే చెప్పాను. తేల్చాల్సింది పోలీసులు, ఆపైన కోర్టు. మినిట్స్‌లో పేరు ఎక్కితే రేపు పరువు నష్టం కింద నోటీసు వచ్చేది సంతకం పెట్టిన వాళ్ళందరికీ. దాంతో ఎవరికి వాళ్ళు లేచి వెళ్ళబోయారు.

అప్పుడు ఒక మహిళా మెంబరు అందుకుంది. మామూలుగా ఆమె భర్త గుమ్మం దగ్గర కూర్చుని అందిస్తుంటే ఈమె తలూపేది. ఆ రోజు ఆయన్ని పట్టించుకోలేదు. "తగలబెట్టిందెవురో నాకొద్దు సార్. గొడ్ల మేత తగలబెట్టడం తప్పా కాదా, అంతవరకు రాయండి. తప్పు కాదనేవోళ్ళు చెయ్యెత్తండి, నేనూ చూస్తా" అంది. ఒక్క చెయ్యి లేవలేదు. వాళ్ళు ఒప్పుకున్న మేరకు నేను రాసింది దాదాపు ఇలా ఉంది:

"ఫలానా తేదీ రాత్రి గ్రామంలో పశుగ్రాసం దగ్ధమైన ఘటనను ఈ పంచాయతీ ఖండిస్తున్నది. ఎవరికి ఓటు వేసినా, ఎవరి తరఫున పోటీ చేసినా, ఏజెంటుగా కూర్చున్నా, ఆ కారణంగా ఈ గ్రామంలో ఎవరి ఒంటికీ, ఇంటికీ, పైరుకూ, పశువులకూ హాని జరగరాదు. ఆ కారణంగా పంచాయతీ సేవలు ఏ వీధికీ నిలిపివేయబడవు. దర్యాప్తునకు సభ్యులందరూ సహకరిస్తారు."

రెండు పక్షాల వాళ్ళూ సంతకాలు పెట్టారు. మర్నాడు ఊళ్ళో చాటింపు వేయించాం, ఒక కాపీ నోటీసు బోర్డుకి అంటించాం, ఒకటి స్టేషన్‌కి, ఒకటి ఎంపీడీవో ఆఫీసుకి పంపాం.

దాంతో దోషులు దొరికారా అంటే, లేదు. ఆ కేసు చివరికి ఏమీ తేలలేదు. కానీ రెండు సంగతులు జరిగాయి. గెలిచిన పక్షంలోని పెద్ద రైతు ఒకాయన ట్రాక్టర్ నిండా చొప్ప పంపాడు. తీర్మానానికి ముందు పంపి ఉంటే సొంత పక్షం వాళ్ళే ఆయన్ని అనుమానించేవాళ్ళు. పంచాయతీయే తప్పని రాసింది కాబట్టి ఆయనకి ధైర్యం వచ్చింది. రెండోది తర్వాత ఎప్పుడో జరిగింది. ఆ రైతు ఉండే వీధికి ట్యాంకు నీళ్ళు వదలొద్దని వాల్వు తిప్పే అతనికి ఎవరో నోటిమాటగా చెప్పారు. అతను నాలుగో తరగతి చదివినవాడు. "తీర్మానంలో ఏ వీధికీ ఆపమని మీరే సంతకం పెట్టారు గదా, ఆపమంటే ఇంకో తీర్మానం రాసివ్వండి" అన్నాడట. రాసిచ్చే ధైర్యం ఎవరికుంటుంది? నీళ్ళు ఆగలేదు. నా దృష్టిలో ఖండన తీర్మానం విలువ అక్కడుంది. చిన్న ఉద్యోగి పెద్దవాళ్ళ నోటిమాటకి ఎదురు చెప్పడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

అందుకే తీర్మానంలో "ప్రజాస్వామ్య విలువలను పరిరక్షించుటకు కట్టుబడి యున్నాము" లాంటి వాక్యాలు ఎన్ని రాసినా ఫరవాలేదు గానీ, పంచాయతీ చేతిలో ఉన్న పని ఏదో ఒకటి అందులో ఉండాలి.

2024 మే 13 పోలింగ్ తర్వాత పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరి గొడవలు టీవీల్లో అందరం చూశాం. ఎన్నికల సంఘం ఆదేశంతో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేయాల్సి వచ్చింది. మన వైపు అంత లేదు లెమ్మని చాలామంది తృప్తిపడతారు. నాకు ఆ తృప్తి లేదు. మన వైపు హింస చాలావరకు చప్పుడు చేయదు. రాత్రికి రాత్రి జామాయిల్ మొక్కలు నరికేస్తారు. రొయ్యల చెరువులో మందు కలుపుతారు. పొగాకు బ్యారన్‌కి నిప్పు పెడతారు. అంత తెగింపు లేనివాళ్ళు ఇంకా తేలికైన దారి పడతారు. కరువు పనికి, అంటే ఉపాధి పనికి, పిలిచేటప్పుడు ఒక వీధిని మరిచిపోతారు, మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు రాలేదంటారు. పింఛను జాబితాలో ముసలామె పేరు దగ్గర ఏదో పరిశీలన మిగిలిపోతుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ని మార్చమని ఒత్తిడి వస్తుంది, ఆ మార్పు ఎందుకో పని చేసుకునే వాళ్ళకి బాగా తెలుసు. ఏ పార్టీ ఉన్నా ఇదే వరస. ఇక్కడ ఎవరికీ దెబ్బ తగలదు, ఆసుపత్రికి పోయే పని లేదు, కేసు ఉండదు. కానీ వచ్చే ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చోమంటే ఆ మనిషి "నాకెందుకులే అబ్బయ్యా" అంటాడు. రాయి వేసినవాడికి కావాల్సింది కూడా అదే.

రాయి వేయడాన్ని ఖండించి ఇలాంటివాటిని వదిలేసే పంచాయతీ సగం పనే చేసినట్టు. మీ తీర్మానంలో ఉపాధి పని, తాగునీరు, వీధి దీపం పేరు పెట్టి రాయమని నా సలహా. పింఛన్లు, రేషన్ పంచాయతీ చేతిలో లేవు, వాటి గురించి సంబంధిత అధికారులను కోరుతున్నాం అని రాయొచ్చు, అంతే.

గొడవలు వద్దనుకుంటే ఏకగ్రీవం చేసుకోవచ్చు కదా అనే పెద్దమనుషులు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికలకి ప్రభుత్వం ఏకగ్రీవాలకి ప్రోత్సాహకాలు ప్రకటించింది. రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, ఐదు వేల లోపు 10 లక్షలు, పది వేల లోపు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. నిజంగా అందరూ కూర్చుని ఒకర్ని అనుకుంటే అభ్యంతరం లేదు, అలాంటి ఊళ్ళు ఉన్నాయి. కానీ నామినేషన్ కాగితం లాక్కుని చేసినదీ, పదవి వేలం పాడి చేసినదీ పేపర్లో ఏకగ్రీవంగానే వస్తుంది. సముద్రం వైపు కొన్ని పాలేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్ళలో, కాపులంతా (అక్కడి పెద్దల్ని అలా అంటారు) కూర్చుని దురాయి వేస్తారు, అంటే ఊరంతా పాటించాల్సిన కట్టుబాటు పెడతారు. సారా మాన్పించడానికి వేసిన దురాయి చూశాను, బాగుంది. ఓటు ఎవరికి వేయాలో చెబుతూ వేసే దురాయి అలాంటిది కాదు. కట్టుబాటు తప్పితే తప్పు కట్టాలంటే ఇక రహస్య బ్యాలెట్ ఎందుకు? పోటీ లేకపోతేనే శాంతి అనుకోవడం నాకు నచ్చదు. ఇద్దరు నిలబడి, ఒకరు ఓడి, మర్నాడు ఇద్దరూ ఒకే టీకొట్టు దగ్గర నిలబడగలిగితే ఆ ఊళ్ళో శాంతి ఉన్నట్టు.

అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో మన పల్లెల్ని చాలా కటువుగా విమర్శించారు. చదివినప్పుడు కోపం వచ్చింది. తర్వాత ఊళ్ళలో పనిచేస్తుంటే ఆయన ఎందుకలా అన్నారో కొద్దికొద్దిగా అర్థమైంది. 1992లో 73వ సవరణ చేసి పల్లెకి అధికారం ఇచ్చాం, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఊళ్ళో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే అని రాజ్యాంగంలోనే ఉంది. గెలిచినవాళ్ళకి వేరే సభ, ఓడినవాళ్ళకి వేరే సభ లేదు. మన జిల్లాకి పేరిచ్చిన ప్రకాశం పంతులు గారు 1928లో మద్రాసులో తుపాకులకి గుండె చూపిన సంగతి పిల్లలు కూడా చెబుతారు. ఆయన అంతకు ముందెప్పుడో రాజమండ్రి మున్సిపల్ చైర్మన్‌గా చేసిన సంగతి మాత్రం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. విగ్రహాలు పెట్టే వాళ్ళకి కాలవలు, కుళాయిలు పట్టవు.

ఇంకొక మాట. ఖండన ఏకపక్షంగా ఉంటే అసలు చేయకపోవడమే నయం. 1995 డిసెంబర్ 1న ఒంగోలులో ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డి గారిని నక్సలైట్లు కాల్చి చంపారు. ఆ వారమంతా నేను విన్న కబుర్లలో "ఎందుకు చంపారంట" అనేదే ముందు వచ్చేది. "ఎందుకైనా సరే, చంపొచ్చా" అనేది వెనక వచ్చేది, కొన్నిచోట్ల వచ్చేదే కాదు. పార్టీ గొడవల్లోనూ ఇదే జరుగుతుంది. మన వాడికి తగిలితే దాడి, అవతలి వాడికి తగిలితే "వాడేం చేశాడో కనుక్కోండి" అంటారు. టంగుటూరు వైపు ఒక ఊళ్ళో, నేను అక్కడికి రాకముందు, పంచాయతీ ఒక పార్టీ పేరు పెట్టి ఖండించింది. అంతకు ముందు ఏడాది అవతలి వాళ్ళకి దెబ్బలు తగిలినప్పుడు అదే పంచాయతీ మాట్లాడలేదు. రెండూ పక్కపక్క పేజీల్లో కనిపిస్తుంటే ఆ తీర్మానాన్ని ఎవరు లెక్క చేస్తారు? మీ ఊళ్ళో ఇంతకు ముందు ఇప్పటి గెలుపు పక్షం మీద కూడా దాడి జరిగి ఉంటే, "గతంలో జరిగిన ఫలానా ఘటనతో సహా" అని ఒక్క ముక్క కలపండి. గెలిచిన పక్షం మెంబర్ల సంతకం రావడానికి అదే దగ్గరి దారి.

పోలీసు పని మాత్రం తీర్మానం కోసం ఆపొద్దు. చెయ్యి విరిగినాయన ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించారో లేదో ముందు కనుక్కోండి. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 173 సెక్షన్ కింద ఏ స్టేషన్‌లో ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. మళ్ళీ గొడవ జరిగే సూచనలుంటే రెండు పక్షాల వాళ్ళనీ బైండోవర్ చేయమని, అంటే గొడవ చేయమని పూచీ రాయించుకోమని అడగండి, గ్రామాల్లో దాని ప్రభావం బాగానే ఉంటుంది. బోరు వైర్లు కోసిన దానికి వేరే ఫిర్యాదు ఇవ్వండి. రెండూ కలిపి ఒకటే కాగితం ఇస్తే చిన్నది పెద్దదాని కింద మాయమవుతుంది. రాజీకి పిలిచే పెద్దలు ఎలాగూ వస్తారు. రాజీ పడాలో వద్దో దెబ్బ తిన్న మనిషి ఇష్టం, ఆయన తరఫున పంచాయతీ మాట ఇవ్వకూడదు.

ఇక సమావేశం సంగతి. ప్రతిపాదించేది గెలిచిన పక్షం మెంబరు, బలపరిచేది ఓడిన పక్షం మెంబరు అయ్యేలా ముందే మాట్లాడుకోండి. ఎవరైనా ఒప్పుకోకపోతే బతిమాలొద్దు, వాళ్ళ అసమ్మతి పేరుతో సహా రాయమని సెక్రటరీని అడగండి. అసమ్మతి రాయించుకోవడానికి చాలామంది జంకుతారు, చివరికి సంతకమే పెడతారు. సర్పంచ్ గారు అసలు ఎజెండాలోనే పెట్టనంటే మెంబర్లంతా రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి, అప్పటికీ కుదరకపోతే వచ్చే గ్రామసభలో ఎవరైనా ఓటరు చేత లేవనెత్తించండి. ఎజెండాలో దీన్ని వేరే అంశంగానే పెట్టించండి. "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశములు" కిందికి నెట్టారంటే అక్కడికి వచ్చేసరికి టీలు అయిపోయి, సగం మంది బండ్లు స్టార్ట్ చేసుంటారు, కోరం లేదని వాయిదా పడుతుంది.